బాబు కోపానికి ఊరి వైద్యుడి పొట్లాలు వాడుతున్నాం, తగ్గడం లేదు. ఇంకేం చేయాలి?

లత_హన్మకొండ
మా బాబుకు ఎనిమిదేళ్లు, మూడో తరగతి. రెండేళ్లుగా ఇంట్లో, బడిలో ఒకటే లొల్లి. ఒక్కచోట కూర్చోడు. రాయమంటే పెన్సిల్ విరగ్గొడతాడు. పోయిన నెల పక్క పిల్లవాడి టిఫిన్ డబ్బా విసిరేశాడు. బడివాళ్లు పిలిచి "డాక్టరుకు చూపిస్తారా, వేరే బడి చూసుకుంటారా" అన్నారు. మా అత్తమ్మ దిష్టి అంటుంది. మా ఆయన "మగపిల్లలు ఇట్లనే ఉంటరు" అని కొట్టిపారేస్తాడు. చుట్టపాయన ఒకరు చెబితే ఊళ్లో వైద్యుడి దగ్గర నలభై రోజులకు పొడి పొట్లాలు తెచ్చాం. తేనెలో కలిపి పొద్దున, రాత్రి. ఇరవై ఆరు రోజులైంది. మొదటి వారం నెమ్మదించినట్టు అనిపించింది. ఇప్పుడు మళ్లీ మామూలే, పైగా చిరాకు పెరిగింది. ఇంగ్లీషు మందులంటే నాకు భయం, పిల్లవాణ్ని మత్తులో ఉంచుతారని విన్నాను. ఆయుర్వేదం, హోమియో, స్వర్ణప్రాశన (బంగారు భస్మం తేనెలో కలిపి నాకించేది), యోగా, మీ పిల్లలకు ఏదైనా పనిచేసిందా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

పరకాల_పత్తి
స్వర్ణప్రాశన మా పాపకు ఏడాది పాటు ప్రతి పుష్యమి రోజూ వేయించాం. జలుబులు తగ్గినట్టు అనిపించింది. కోపం మాత్రం ఎక్కడికీ పోలేదు.

డీజిల్‌షెడ్_కాజీపేట
మావాడికి హోమియో ఎనిమిది నెలలు వాడాం. ఆ డాక్టరు మాత్రం మంచాయన, అరగంట కూర్చోబెట్టి వాడితో మాట్లాడేవాడు. మావాడికి మాత్రల కన్నా ఆ అరగంటే ఇష్టం. స్టేషనులో ఏ రైలు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో ఆయనకు ఒప్పజెప్పేవాడు. అప్పుడే తెలిసింది నాకు, నేను డ్యూటీ నుంచి వచ్చి వాడితో పది నిమిషాలు కూడా మాట్లాడటం లేదని.

మానుకోట_మామ
మా కాలంలో ఈ పేర్లేవీ లేవు బిడ్డా. అల్లరి చేస్తే రెండు దెబ్బలు, పొద్దంతా పొలంలో పని, రాత్రి అన్నం తిని పడుకునుడు. ఇప్పుడు ఫోన్లు చేతికిచ్చి రోగమంటున్నారు.

ఓరుగల్లు_టీచరమ్మ
మామ గారూ, మీ కాలంలో కూడా ఈ పిల్లలు ఉన్నారు. మూడో తరగతిలో బడి మానేసి పశువుల వెంట పోయినవాళ్లను గుర్తు చేసుకోండి. వాళ్లలో సగం మందికి చదువు ఎందుకు రాలేదో ఎవరూ అడగలేదు. ఇరవై రెండేళ్లుగా పాఠం చెబుతున్నాను, దెబ్బతో కుదురైన పిల్లవాణ్ని నేను చూడలేదు. భయపడినవాణ్ని చూశాను.

లతా, ఒక్క మాట చెప్పు. పెన్సిల్ ఎప్పుడు విరగ్గొడతాడు? ఆటల్లో కూడా అంతే కోపమా, రాయమన్నప్పుడు, చదవమన్నప్పుడేనా?

మందులకొట్టు_శ్రీను
నాది వేరే ప్రశ్న. ఆ పొట్లం మీద ఏం రాసి ఉంది అక్కా? పేరు, తయారుచేసినవాళ్లు, లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు? పొడి రంగు ఏమిటి? ఇది మొదలుపెట్టాక బాబుకు కడుపునొప్పి, మలబద్ధకం ఏమైనా వచ్చాయా?

లత_హన్మకొండ
@టీచరమ్మ, ఆటల్లో బాగానే ఉంటాడు. క్రికెట్ అయితే గంటలు గంటలు. రాయడం దగ్గరే గొడవంతా. చదవమంటే కడుపు నొస్తుందంటాడు.
@శ్రీను, ఏమీ రాసి లేదు తమ్ముడూ. న్యూస్ పేపర్ ముక్కలో కట్టి ఇచ్చారు. ఇటుక రంగు పొడి, బరువుగా ఉంటుంది. కడుపునొప్పి నిజంగానే పది రోజుల నుంచి ఉంది, మూడు రోజులకొకసారి గానీ బాత్రూముకు పోవడం లేదు. నేను నులిపురుగులు అనుకున్నాను. ఎందుకు అడిగావు? నాకు టెన్షన్ వస్తోంది.

మందులకొట్టు_శ్రీను
భయపెట్టాలని కాదు, కానీ ఈ రాత్రి నుంచే ఆపేయండి. మిగిలిన పొట్లాలు పారేయకుండా కవర్లో కట్టి పెట్టండి, డాక్టరు అడుగుతారు. పేరులేని పొడుల్లో ఒక్కోసారి సీసం, పాదరసం ఉంటాయి. 2004లో బయటికొచ్చిన ఒక అధ్యయనంలో, అమెరికాలో బోస్టన్ చుట్టుపక్కల దుకాణాల్లో అమ్ముతున్న 70 ఆయుర్వేద మందులు కొని పరీక్షిస్తే 14 వాటిలో సీసమో, పాదరసమో, ఆర్సెనిక్కో బయటపడ్డాయి. సీసం ఒంట్లో చేరిన పిల్లలకు ఏమవుతుందో తెలుసా? చిరాకు, కడుపునొప్పి, మలబద్ధకం, రక్తం తగ్గడం, చదువు మీద మనసు నిలవకపోవడం. అంటే మీరు ఏ జబ్బుకని మందు వేస్తున్నారో ఆ జబ్బే ఇంకా పెరుగుతుంది. రక్తంలో సీసం పరీక్ష ఉంటుంది. పిల్లల డాక్టరుకు పొట్లం చూపించి అడగండి.

సరస్వతి_ఆకు
నేను ఆయుర్వేద వైద్యురాలిని, హన్మకొండలోనే ప్రాక్టీసు. శ్రీను గారు చెప్పినదాంట్లో సగం ఒప్పుకుంటాను, సగం ఒప్పుకోను. ఆయుర్వేదమంటేనే సీసం అన్నట్టు మాట్లాడకండి. తయారీకి లైసెన్స్ ఉండాలి, లేబుల్ మీద ఏం కలిపారో రాయాలి, అది చట్టం. న్యూస్ పేపర్ ముక్కలో వచ్చింది ఆయుర్వేదం కాదు, ఎవరో ఇచ్చిన పొడి. లతా, దాన్ని ఆపాలన్న విషయంలో నాకూ శ్రీనుకూ తేడా లేదు.

ఇక అందరూ అడిగేవి చెబుతాను. బ్రాహ్మి మీద చిన్న చిన్న అధ్యయనాలు ఉన్నాయి, జ్ఞాపకశక్తికి కొంత మేలు కనిపించింది, కానీ ఈ పిల్లల కోపం తగ్గిస్తుందని నేను హామీ ఇవ్వను. సరస్వతి ఆకు పప్పులోనో పచ్చడిలోనో వేసి పెడితే నష్టం లేదు. సారస్వతారిష్టం మాత్రం చాలామంది టానిక్ అనుకొని పోస్తారు. అరిష్టాలన్నీ పులియబెట్టి చేసేవి, వాటిలో దానంతట అదే పుట్టే ఆల్కహాల్ ఉంటుంది, సీసా మీద రాసే ఉంటుంది చూడండి. పిల్లలకు చెంచా లెక్క మీరే వేసుకోవద్దు. ఏడాది లోపు పసిపిల్లలకు తేనె నాకించకండి, పరకాల వాళ్లు ప్రాశన అన్నారు కాబట్టి చెబుతున్నా. తేనెలో ఉండే ఒక రకం బాక్టీరియాతో ఆ వయసులో ప్రాణం మీదికి రావచ్చు. నా దగ్గరికి వచ్చే తల్లుల్లో ఎక్కువమంది పిల్లల డాక్టరుకు నా మందు సంగతి చెప్పరు, నాకు ఆయన మందు సంగతి చెప్పరు. అదే నాకు భయం.

జగిత్యాల_జ్యోతి
నాది కొండగట్టు కథ. మా పాపకు అప్పుడు ఏడేళ్లు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయేది, కళ్లు ఒకవైపు నిలిచిపోయేవి, పది సెకన్లకు మళ్లీ మామూలు. బడిలో "పరధ్యానం, పిలిస్తే పలకదు, మొండిది" అని రాసి పంపారు. మా అత్తగారు గాలి సోకిందన్నారు. మతి స్థిమితం లేనివాళ్లను కొండగట్టు అంజన్న దగ్గర మండలం రోజులు ఉంచితే నయమవుతుందని మా వైపు గట్టి నమ్మకం, మీకూ తెలుసు. పాపతో నేనూ అక్కడే ఉన్నాను. పొద్దున్నే స్నానం, ప్రదక్షిణలు, సాయంత్రం భజన. అబద్ధం చెప్పను, నా మనసుకు చాలా నెమ్మది దొరికింది. పాపకు మాత్రం ఆ ఆగిపోవడం తగ్గలేదు.

అక్కడే పక్క గదిలో ఉన్న ఒక నర్సమ్మ చూసి "ఇది మొండితనం కాదు, ఫిట్స్‌లో ఒక రకం, కరీంనగర్ తీసుకుపొండి" అంది. డాక్టరు పాప నోటి ముందు కాగితం ముక్క పట్టుకొని మూడు నిమిషాలు గట్టిగా ఊదమన్నారు. రెండో నిమిషంలోనే మా ముందే ఆగిపోయింది. ఈఈజీలో, అంటే మెదడు తరంగాల పరీక్షలో కూడా కనిపించింది. మందు మొదలుపెట్టిన నెలకే పరధ్యానం పోయింది. ఆ నర్సమ్మను అంజన్నే పంపాడని మా అత్తగారు ఈరోజుకీ అంటారు, నేనూ కాదనను. కానీ మొక్కుతో పాటు పరీక్ష కూడా ముందే చేయించి ఉంటే ఏడాది బడిలో తిట్లు తప్పేవి నా బిడ్డకు.

నర్సంపేట_అమ్మ
జ్యోతక్క పోస్టు చదువుతుంటే ఏడుపొచ్చింది. మాకు ఇంకోలా జరిగింది. మా బాబు రాత్రి గురక, నోరు తెరిచి నిద్ర, పొద్దున లేపితే యుద్ధం, పగలంతా గెంతులు. మేం తాయెత్తు కట్టించాం, అన్నారం దర్గాకు తీసుకుపోయాం. చివరికి ముక్కు వెనక అడినాయిడ్స్ అనే కండ పెరిగి నిద్ర పట్టడం లేదని చెవి, ముక్కు, గొంతు డాక్టరు తేల్చారు. నిద్ర చాలని పెద్దవాళ్లు కునుకుతారు, పిల్లలు గెంతుతారట. ఈ వయసు పిల్లలకు తొమ్మిది నుంచి పన్నెండు గంటల నిద్ర కావాలట. మావాడికి ఆరు గంటలు కూడా సరిగ్గా పట్టేది కాదు.

మానుకోట_మామ
గురక సంగతి నాకు తెలియదు. ఇది మంచి ముచ్చట చెప్పావమ్మా. మా చిన్న మనవడు కూడా నోరు తెరిచే పడుకుంటాడు, ఆదివారం వాళ్ల నాన్నతో మాట్లాడతా.

సుబేదారి_రవి
నేను పోగొట్టుకున్న పైసలు ఇంకెవరూ పోగొట్టుకోకూడదని రాస్తున్నాను. మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్ అని రెండు రోజుల క్లాసుకు ఇరవై ఐదు వేలు కట్టాను. కళ్లకు గంతలు కట్టుకొని రంగులు చెబుతాడు, ఏకాగ్రత వస్తుంది, కోపం పోతుంది అన్నారు. ఇంటికొచ్చి మావాడే చెప్పాడు, "డాడీ, ముక్కు పక్కన సందులోంచి కనిపిస్తుంది, కనిపిస్తుందని చెబితే సార్ తిడతాడు" అని. కోపం సంగతి దేవుడెరుగు, పిల్లవాడికి అబద్ధం నేర్పించి పంపారు. తర్వాత అదే చోట వేలిముద్రల పరీక్ష చేస్తాం, ఏ సబ్జెక్టు వస్తుందో చెబుతాం అన్నారు. వేలిముద్రలతో పిల్లల తెలివిని చెప్పడానికి శాస్త్ర ఆధారం లేదని ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ ప్రకటించిందని అప్పుడే చదివాను, రెండోసారి బతికిపోయాను.

పరకాల_పత్తి
చక్కెర మానేస్తే నెమ్మదిస్తారని మా ఆడపడుచు అంటుంది. బెల్లం కూడా పెట్టడం లేదు. నిజమేనా?

డీజిల్‌షెడ్_కాజీపేట
మేడారం పోతే ఏం చేస్తారు మరి, అక్కడ బెల్లమే బంగారం కదా. మావాడు నిలువెత్తు బంగారం తూగేటప్పుడే సగం నాకేశాడు.

మందులకొట్టు_శ్రీను
చక్కెరకు, గెంతడానికి సంబంధం లేదని 1995లోనే ఎన్నో పరీక్షల ఫలితాలు కలిపి చూసి తేల్చారు. పళ్లకు, బరువుకు మంచిది కాదు, అది వేరే సంగతి. రంగుల విషయంలో మాత్రం కొంత నిజం ఉంది. 2007లో ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌లో మూడేళ్ల పిల్లలకు, ఎనిమిది తొమ్మిదేళ్ల పిల్లలకు కృత్రిమ రంగులు, సోడియం బెంజోయేట్ అనే నిల్వ ఉంచే పదార్థం కలిపిన పానీయం ఇచ్చి చూశారు. కొందరిలో గెంతులాట కొద్దిగా పెరిగింది. 2010 నుంచి యూరప్‌లో ఆ పరీక్షలో వాడిన ఆరు రంగులుంటే ప్యాకెట్ మీద హెచ్చరిక రాయాలి. అంటే బడి ముందు అమ్మే ఐదు రూపాయల రంగు ఐసులు మానిపిస్తే మంచిదే, కానీ అదొక్కటే మందు అనుకోవద్దు. చేప నూనె మాత్రలు కూడా అంతే, మేలు ఉంటే ఆవగింజంత.

చిన్ని_కరీంనగర్
మత్తు మందుల భయం గురించి నేను మాట్లాడాలి, ఎందుకంటే అదే భయంతో నేను మూడేళ్లు పోగొట్టాను. మా బాబుకు ఏడీహెచ్‌డీ, అంటే మనసు నిలపలేకపోవడం, ఒక్కచోట కుదురుగా ఉండలేకపోవడం. ఊరికే ఒకసారి చూసి చెప్పలేదు. ఇంట్లో ఎలా ఉంటాడు, బడిలో ఎలా ఉంటాడు అని రెండు చోట్లా ఫారాలు నింపించారు. ఒక్క చోటే గొడవైతే అది ఏడీహెచ్‌డీ కాదట, ఆ చోట ఏముందో చూడాలట. పన్నెండేళ్ల లోపే లక్షణాలు మొదలై ఉండాలి, ఆరు నెలలు దాటి ఉండాలి.

ముందు మాకే శిక్షణ ఇచ్చారు. ఒకేసారి మూడు పనులు చెప్పొద్దు, ఒకటే చెప్పి కళ్లలోకి చూడండి. మంచి పని చేసిన క్షణంలోనే మెచ్చుకోండి, సాయంత్రం కాదు. గోడకు చార్టు, చుక్కలు. మొదట నవ్వొచ్చింది, చుక్కలకు లొంగుతాడా అని. లొంగాడు. తర్వాత కూడా బడిలో నిలవలేకపోతే మిథైల్‌ఫెనిడేట్ రాశారు. ఇది నిద్రమాత్ర కాదు అక్కా, మనసు నిలిచేలా చేసే మందు. మోతాదు సరిగ్గా ఉంటే మొద్దుగా ఉండరు, మొద్దుగా ఉంటే డాక్టరుకు చెప్పి తగ్గించాలి. ఇబ్బందులు లేవని చెప్పను. ఆకలి తగ్గింది, అందుకే టిఫిన్ తిన్నాకే మాత్ర. మధ్యాహ్నం తర్వాత వేస్తే రాత్రి నిద్ర రాదు. బరువు, ఎత్తు, బీపీ చూపిస్తూ ఉండాలి. పోయిన వారం వాడు పుట్టినరోజు పిలుపుల లిస్టు తెచ్చి చూపించాడు, అందులో ఐదుగురి పేర్లున్నాయి. అంతకుముందు ఎవరూ వాడితో కూర్చునేవారు కాదు.

సింగరేణి_బిడ్డ
అందరూ మగపిల్లల గెంతుల గురించే మాట్లాడుతున్నారు. మా అమ్మాయికి పదమూడేళ్లు. గెంతదు, అరవదు. అన్నానికి పిలిస్తే విసుక్కుంటుంది, గదిలోంచి రాదు, మార్కులు పడిపోయాయి. వయసు ప్రభావం అన్నారు అందరూ. పేరులో అక్షరం మార్పించాం, పూల మందులని తియ్యని గుళికలు నాలుగు నెలలు వాడాం. ఒకరోజు "నేను లేకపోతే మీకు హాయి" అంది. ఆ మాట వినగానే గుండె ఆగింది. రాత్రి పదకొండింటికి ఎవరిని అడగాలో తెలియక 14416కు ఫోన్ చేశాను. టెలి మానస్ అని ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య ఫోన్ లైను, పైసలు కట్టక్కర్లేదు, రాత్రి కూడా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడారు. "చచ్చిపోవాలని ఉందా అని నేరుగా అడగండి, అడిగితే ఆ ఆలోచన పుట్టదు. ఒంటరిగా వదలకండి, ఇంట్లో మాత్రలు, పురుగుల మందు అందకుండా పెట్టండి" అన్నారు. అడిగాను. నా ఒళ్లో తల పెట్టి గంటసేపు ఏడ్చింది. పిల్లల్లో డిప్రెషన్ దిగులుగా కాకుండా విసుగుగా, కోపంగా కనిపిస్తుందని డాక్టరు చెప్పేవరకు నాకు తెలియదు. ఇప్పుడు వారం వారం కౌన్సెలింగ్, ఇంకా మందు అవసరం రాలేదు. పొద్దున నాతో పాటు నడకకు వస్తోంది.

ఓరుగల్లు_టీచరమ్మ
సింగరేణి చెల్లెమ్మా, మంచి పని చేశావు. ఈ మాట మా స్టాఫ్ రూములో కూడా చెబుతాను.

లతా, నువ్వు జవాబిచ్చినప్పటి నుంచి అదే ఆలోచిస్తున్నా. ఆటలో గంటలు నిలుస్తాడు, రాత దగ్గరే పెన్సిల్ విరుగుతుంది. చదవడంలో ఇబ్బంది ఉందేమో చూపించు. అక్షరాలు తారుమారుగా రాస్తాడా? ఒత్తులు, గుణింతాలు వదిలేస్తాడా? నోటితో అడిగితే జవాబు చెబుతాడా? తెలివి ఉండి చదవడం రాకపోతే ఆ పిల్లవాడికి బడి రోజూ అవమానమే. డబ్బా విసిరిన రోజు ఏ పీరియడో అడుగు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఈ లెర్నింగ్ డిసేబిలిటీ కూడా ఉంది. సర్టిఫికెట్ వస్తే పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టేవాళ్లు దొరుకుతారు. వేరే బడి చూసుకోమనే హక్కు బడివాళ్లకు లేదు.

సరస్వతి_ఆకు
పరీక్ష చేసే సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందా అని అడుగు లతా. బోర్డు మీద "చైల్డ్ థెరపిస్ట్" అని ఎవరైనా రాసుకుంటున్నారు. వరంగల్ ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రిలో పిల్లల విభాగం, మానసిక వైద్య విభాగం రెండూ ఉన్నాయి, పైసల ఇబ్బంది ఉంటే అక్కడ మొదలుపెట్టు. సికింద్రాబాద్ బోయిన్‌పల్లిలో ఎన్ఐఈపీఐడీ ఉంది, బుద్ధి ఎదుగుదలలో ఇబ్బంది ఉన్నవాళ్ల కోసం నడిచే కేంద్ర ప్రభుత్వ సంస్థ.

సుబేదారి_రవి
ఆటిజం పిల్లల తల్లిదండ్రులు ఎవరైనా చదువుతుంటే: స్టెమ్ సెల్ ఇంజెక్షన్లతో నయం చేస్తామని లక్షలు అడుగుతున్నారు. అది చికిత్సగా పనికిరాదని 2022లో నేషనల్ మెడికల్ కమిషన్ చెప్పింది. మా బావమరిది భూమి అమ్మబోతుంటే ఆపాం.

లత_హన్మకొండ
(మూడు వారాల తర్వాత)
ఇన్ని రోజులు రాయలేకపోయాను, క్షమించండి. శ్రీను చెప్పిన రాత్రే పొడి ఆపేశాను. డాక్టరు పొట్లం చూసి ఇంట్లో ఎవరైనా బ్యాటరీ పని చేస్తారా, గోడలకు పాత రంగులున్నాయా, బయట కొన్న కాటుక పెడతారా అని అన్నీ అడిగారు. ఏవీ లేవు. రక్తం హైదరాబాద్ పంపించారు. సీసం డెసిలీటరుకు 17 మైక్రోగ్రాములు వచ్చింది. 5 వచ్చినా ఎక్కడి నుంచి వస్తోందో వెతికి ఆపాలట. 45 దాటితే శరీరంలోంచి లాగే మందులు పెడతారట, అంత దూరం రాలేదు. హిమోగ్లోబిన్ 9.4. ఐరన్ మందు రాశారు, పాలు, గుడ్డు, ఆకుకూరలు పెట్టమన్నారు, నెలకు మళ్లీ పరీక్ష. నా చేత్తో, తేనెలో కలిపి పెట్టాను. తలుచుకుంటే అన్నం దిగడం లేదు.

టీచరమ్మ గారూ, డబ్బా విసిరింది తెలుగు పీరియడ్‌లో. నిలబెట్టి చదివించారట, అందరూ నవ్వారట. మూడేళ్లుగా వాడికి కథలు నేను చదివి వినిపిస్తున్నాను, గుర్తుపెట్టుకొని ఒప్పజెబుతుంటే చదువుతున్నాడనుకున్నాను. సైకాలజిస్టు పరీక్షలో ఒకటో తరగతి మాటలు కూడా కూడబలుక్కుంటున్నాడని తేలింది. ఇంకో రెండు సిట్టింగులు ఉన్నాయి. మా ఆయన కూడా వచ్చారు, బయట బెంచీ మీద కూర్చొని "నాక్కూడా ఇట్లనే ఉండేది" అన్నారు. పదో తరగతి ఎందుకు ఆపేశారో పెళ్లైన పదకొండేళ్లకు నాకు చెప్పారు.

ఓరుగల్లు_టీచరమ్మ
ఆయన ఆ బెంచీ మీద చెప్పిన మాట బాబుకు కూడా చెప్పమను లతా. వాడికి అంతకన్నా బలమైన టానిక్ లేదు. సాయంత్రాలు అరగంట నేను చూస్తాను, ఫీజు మాట ఎత్తకు. మన ఇళ్లు దగ్గరే అయి ఉంటాయి.

జగిత్యాల_జ్యోతి
నీ తప్పు కాదు లతా. బిడ్డ మీద ప్రేమతో పెట్టావు, తెలిసిన రాత్రే ఆపావు. అన్నం తిను.

మానుకోట_మామ
రెండు దెబ్బలన్న మాట వెనక్కి తీసుకుంటున్నా బిడ్డా. నా తమ్ముడు కూడా అక్షరం రాక బడిలో రోజూ తన్నులు తిన్నాడు. వాడు పదేళ్లకే జీతముండబోయాడు.

మందులకొట్టు_శ్రీను
అక్కా, మిగిలిన పొట్లాలు ఔషధ నియంత్రణ శాఖవాళ్లకు ఇవ్వాలి, నేను తోడు వస్తాను. ఇంకోటి, ఆ వైద్యుడి దగ్గరికి పంపిన చుట్టపాయన, వాళ్ల ఇంట్లో పిల్లలకు కూడా అదే పొడి వాడుతున్నారా?

లత_హన్మకొండ
అడిగాను తమ్ముడూ. ఇద్దరు ఆడపిల్లలు, నాలుగేళ్లు, ఆరేళ్లు. ఆకలి కోసమని మూడు నెలలుగా పెడుతున్నారట. మొదట నన్ను తిట్టారు, వైద్యుడు దేవుడిలాంటివాడన్నారు. మా బాబు రిపోర్టు ఫోటో తీసి పంపాను. నిన్న రాత్రి వాళ్లమ్మ ఒక్కతే ఫోన్ చేసింది, చిన్నదానికి కూడా కడుపునొప్పి ఉందట. సోమవారం పొద్దున మొదటి బస్సుకు ఇద్దరినీ తీసుకొని వస్తోంది.

మందులకొట్టు_శ్రీను
బస్టాండుకు నేను వస్తాను.